వీపుకు అంటని మన్ను

పాషా మియాను ఎండ చంపలేదు. మీరు చంపారు.

కోటలాంటి గడిలో వట్టివేళ్ళ తడికల వెనక పడుకుని, ఆ తడికలు ఆరిపోకుండా నీళ్ళు చల్లడానికి ఇద్దరు మనుషుల్ని ఊరికే నిలబెట్టుకుని, "ఈ యేడు ఎండ జర ఎక్కువున్నట్టుంది" అని దస్తీతో మెడ తుడుచుకున్న దొరా, నువ్వు చంపావు. పట్నం పోయే కచ్చురం బండి ముందు మనిషి ఉరకకపోతే దొర పరువు పోతుందని రోహిణి కార్తెలో వాణ్ణి ఉరికించిన గడి జవాన్లారా, మీరు చంపారు. శవం మీద చేయి పెట్టి "వడదెబ్బ" అని ఒక్క మాట అనేసి లేచిపోయిన వైద్యుడా, నువ్వూ చంపావు. తుర్కయాంజాల్ దాటకముందే పడిపోయినవాడి ఒళ్ళు పొద్దు గూకినా పొయ్యి మీది పెనంలా ఎందుకు కాలుతోందో, అంత దూరం ఉరికినవాడి అంగీ మీద ఒక్క చెమట చుక్క ఎందుకు లేదో మీలో ఒక్కడూ అడగలేదు. అడిగింది ఒక్కతే. వాడి అక్క హుస్సేన్ బీ. అప్పటికి పదహారేళ్ళ పిల్ల. ఆమె మాట ఎవరికి కావాలి?

ఇరవై రెండేళ్ళయింది. అయిపోయిందనుకున్నారు మీరు. అదే ఒళ్ళుతో, అవే పండ్లతో ఇంకొకడు ఇబ్రహీంపట్నంలో హుస్సేన్ బీ కడుపునే పుట్టాడు. వాడి పేరు సత్తార్. వాణ్ణీ తెచ్చి ఎండలో నిలబెట్టారు. ఎట్లా నిలబెట్టారో వినండి.

సత్తార్‌కు పదిహేడేళ్ళు. కొత్తగా చూసినవాడు యాభై అంటాడు. తల మీద వెంట్రుకలు కొబ్బరి పీచులా అక్కడొకటి ఇక్కడొకటి. కనుబొమ్మలు లేవు. నొసలు ముందుకు పొడుచుకొచ్చి, ముక్కు దూలం లోపలికి కుంగి, కళ్ళ చుట్టూ తోలు నల్లగా ముడతలు పడి ఉంటుంది. నోరు తెరిస్తే పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు పండ్లు. అవీ పిల్లి కోరల్లా మొనదేలి ఉంటాయి. ఊడిపోయి మూడు మిగల్లేదు, పుట్టి బుద్ధెరిగాక వచ్చినవే మూడు. ఊళ్ళో పిల్లలంతా వాణ్ణి తాతా అనే పిలుస్తారు.

"తాతా, బొక్క కొరుకుతవానే?"

"మీ బాపు పండ్లు బదులియ్యమనుర్రి, కొరుకుత" అంటాడు సత్తార్. నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూస్తే హుస్సేన్ బీ చేతిలో పని ఆగిపోతుంది. తమ్ముడు పాషా మియా నవ్వు అదే.

జుట్టు లేకపోతే రుమాలు చుట్టుకోవచ్చు. పండ్లు లేకపోతే గట్క తాగి బతకొచ్చు. కనిపించని లోటు ఒకటుంది, అదే ఆమెను తినేస్తోంది. వాడికి చెమట పట్టదు. ఎంత ఎండైనా, ఎంత పనైనా ఒళ్ళు ఎండిన కాగితంలా గరగరలాడుతుంది. లోపల వేడి పుట్టి పుట్టి బయటికి పోయే దారి లేక, మూత బిగించిన కుండలా ఉడుకుతాడు. నలుగురూ "శివరాత్రికి చలి శివశివా అని పోయింది" అని సంబరపడతారు. ఆ మర్నాటి నుంచి హుస్సేన్ బీ గుండె దడదడలాడడం మొదలవుతుంది. పొద్దున లేస్తే దేవుడి కన్నా ముందు సూర్యుణ్ణి చూస్తుంది. మిరుగు కార్తె వచ్చి మొదటి చినుకు పడేదాకా ఆమె కడుపునిండా తిన్న రోజు లేదు.

వాళ్ళది దూదేకే ఇల్లు. ఆ కులవృత్తే వాణ్ణి ఇన్నాళ్ళు బతికించింది. చీకటి కొట్టు, తలుపుకు తడిపిన గోనెసంచి, నెత్తిన తడి తువ్వాల. అందులో కూర్చుని విల్లు తీగను కొయ్య సుత్తితో కొడుతూ దూది ఏకుతాడు. మధ్యాహ్నం కాగానే పోయి చెరువులో మెడలోతు కూర్చుంటాడు. "బర్రెల్ల ఒక బర్రె తక్కువైందని సత్తార్‌గాణ్ణి కలిపిన్రు" అని బర్రెలు కాచేవాళ్ళు పరాచికమాడతారు. ఆడనీ. తన ఒళ్ళు ఏం అడుగుతోందో వాడికి ఏ వైద్యుడూ చెప్పలేదు, ఒళ్ళే చెప్పింది.

వెట్టి పని పడినప్పుడల్లా ఇంటి నుంచి వాళ్ళ బాపు పోయేవాడు. రెండేళ్ళ కింద కలరా గత్తరలో ఆయన పోయాడు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది నలుగురు. హుస్సేన్ బీ, సత్తార్, కళ్ళు మసకబారిన అత్త రసూల్ బీ, తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన బిడ్డ మదీనా బీ. నెలలు నిండాయి. ఆ రోజు సత్తార్ ఏకుతున్న దూది కూడా పుట్టబోయే పిల్లకు రజాయి కుట్టడానికే.

అట్లాంటి పొద్దున జమేదారు శ్రీపాల్ వచ్చి వాకిట్లో కర్ర కొట్టాడు. గడి తరఫున వెట్టి మనుషుల్ని తోలేవాడు వాడే.

"బూబమ్మా! రేపటి సంది చెరువు కట్ట పని. మిరుగులోపల కావాలె. ఇంటికొక మనిషి. మీ ఇంటి మనిషెవడు?"

"నేనొస్త, జమేదార్ సాబ్."

"మీసమొచ్చిన పోరడుండంగ నువ్వెందుకే?"

"వానికి మీసమేడొచ్చింది? నువ్వే సూడరాదు."

శ్రీపాల్ కొట్టులోకి తొంగి చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకుంది హుస్సేన్ బీ. గడవలేదు.

"మీసం లేకున్న చేతులున్నయి గద. నీడకు కూసోని తుక్కుతుక్కుమని కొడుతుండు, మంచిగనే ఉండు."

"వానికి ఎండ పడది సాబ్. మా తమ్ముడు పాషా మియా..."

"ఎండ ఎవనికి పడ్తదే? దొరకు పడది, నాకు పడది."

"దొరకు పడదనే గద తడికెలు కట్టిన్రు."

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. శ్రీపాల్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "నోరు మస్తు లేస్తుందే నీకు. ఇంటికి ఒకరన్న గద, మీ ఇంటికి ఇద్దరు. నువ్వు గూడ రా" అని పోయాడు.

వెట్టి ఎప్పుడో బందయిందట, సర్కారు కాగితం మీద. ఆ కాగితం గడి దర్వాజా దగ్గరే ఆగిపోయినట్టుంది.

*

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ యేడు కట్ట మీద బండలు పగిలాయి. చెరువు నీళ్ళు దూరంగా జరిగిపోయి, మధ్యలో ఒండ్రు నెర్రెలు విచ్చింది. అక్కడ తవ్వాలి, తట్ట నెత్తికెత్తుకుని కట్టెక్కాలి, కుమ్మరించి దిగాలి. నూరు మంది దాకా ఉన్నారు. నీడకు ఒక్క తడక లేదు. తాగే నీళ్ళ కుండ ఉంది, శ్రీపాల్ గొడుగు కింద, శ్రీపాల్‌కు.

హుస్సేన్ బీ కొడుకు వెనకే నడిచింది. వాడి తట్టలో మన్ను సగమే పోసింది. మధ్యాహ్నానికి వాడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ముక్కు నుంచి ఎండిన ఊపిరి ఈలలా వస్తోంది. వాణ్ణి తూము సందు నీడలోకి నెట్టి, వాడి వాటా తట్టలు కూడా తనే మోసింది. చుట్టూ అందరికీ చెమట ధారలు కడుతోంది. వాడి వీపు మాత్రం బొంతరాయిలా ఎండి ఉంది.

పొద్దు వాలాక గడి పద్ధతి ఒకటుంది. దొర తాత కాలం నుంచి ఉందట. మగవాళ్ళంతా వరసగా నిలబడాలి. జమేదారు కట్ట మీది పొడి మన్ను గుప్పెడు తీసుకుని ఒక్కొక్కడి వీపు మీద చరుస్తాడు. మన్ను అంటుకుంటే వాడు పని చేసినట్టు, ఇంటికి పోవచ్చు. రాలిపోతే నీడకు పండుకున్నట్టు, ఇంకో ఇరవై తట్టలు.

"మనిషి అబద్ధమాడుతడు, మన్ను ఆడది" అంటాడు శ్రీపాల్. ఈ మాట వాడికి బాగా నచ్చింది, రోజుకు నాలుగుసార్లు అంటాడు.

సత్తార్ వీపు మీద చరిచాడు. మన్ను జల్లెడలోంచి పిండి రాలినట్టు జలజలా రాలిపోయింది. మళ్ళీ చరిచాడు. మళ్ళీ రాలింది. వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు.

"దొంగ లంజకొడుకా! పొద్దంత ఏడ పండినవ్‌రా?"

"పండలే పటేలా. నాకు చెమట రాది. పుట్టినప్పటి సంది రాది."

"చెమట రాని మనిషి ఉంటడా? నీళ్ళు రాని బాయి అన్నట్టు!" పిక్కల మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఇరవై తట్టలు. అయ్యేసరికి వాడు కాళ్ళీడ్చుకుంటూ పోయి బట్టలతోనే చెరువులో పడ్డాడు. మెడలోతు నీళ్ళలో కళ్ళు మూసుకుని కూర్చుని అడిగాడు.

"అమ్మా, మామ గిట్లనే పోయిండా?"

హుస్సేన్ బీ వాడి నెత్తిన దోసిళ్ళతో నీళ్ళు పోస్తూ నిలబడింది. రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి. మిరుగుకు ఇంకా పన్నెండు రోజులు.

మర్నాడు ఆమె ఒక ఉపాయం పన్నింది. ఉపాయం అంటే మోసమే, దాచడమెందుకు? చిన్న కుండ ఒకటి తూము దగ్గర గడ్డిలో దాచింది. నాలుగు తట్టలకోసారి సత్తార్ అంగీని ఆ కుండలో ముంచి తొడిగింది. చెమట పట్టినట్టు కనిపించాలి, సాయంత్రం మన్ను అంటాలి. అంతే ఆమె ఆలోచన.

మన్ను అంటింది. శ్రీపాల్ చరిచిన గుప్పెడూ పెంకులా పట్టుకుంది. "సూసిన్రా? రెండు దెబ్బలు పడంగనే చెమటెట్లొచ్చిందో!" అని వాడు మురిసిపోయాడు.

కానీ హుస్సేన్ బీ చూస్తున్నది మన్నును కాదు. కొడుకు ముఖాన్ని. ఎర్రబడలేదు. ఊపిరి ఈల వేయడం లేదు. నిన్నటి ఎండే, నిన్నటి కన్నా ఎక్కువ తట్టలే. వాడు కూనిరాగం తీస్తూ ఇంటికి నడిచాడు, పోగానే గట్క అడిగి తాగాడు. ఆమె వాకిట్లోనే నిలబడిపోయింది. దొంగ చెమట వాడికి నిజం చెమట పని చేసింది. తడి ఒంటి మీద గాలి తగిలితే వేడి దిగిపోతోంది. అంతేనా? ఇంత చిన్న సంగతా?

ఆ వెంటనే ఆమెకు తన మొదటి కొడుకు గుర్తొచ్చాడు.

పదకొండు నెలల పిల్లవాడు. పండ్లు రాలేదు, వెంట్రుకలు రాలేదు, వస్తాయిలే అనుకున్నారు. ఎండాకాలంలో జ్వరం వచ్చింది. "చెమట పడితె జరం దిగుతది" అంది అత్త. ఊరందరూ ఎరిగిన వైద్యమే. మిగతా ఇళ్ళలో ఒక చెద్దరు కప్పుతారు. వీళ్ళది దూదేకుల ఇల్లు, రజాయిలకు కొదవ లేదు. ఒకటి కప్పారు. చెమట పట్టలేదు. రెండోది కప్పారు. పట్టలేదు. హుస్సేన్ బీ తన చేత్తో ఏకిన దూది, తన చేత్తో కుట్టిన రజాయి. మూడోది కప్పి, చెమట పడుతుందని అంచులు ఒత్తిపట్టుకుని కూర్చుంది. పిల్లవాడు రజాయి తన్నేయడానికి కాళ్ళు కొట్టుకున్నాడు. తర్వాత కొట్టుకోవడం ఆపాడు. జ్వరం దిగుతోందనుకుంది.

సత్తార్ చంటివాడుగా ఉన్నప్పుడు కప్పినదల్లా తన్నేసి, పాక్కుంటూ పోయి నీళ్ళ కూజాను కావలించుకుని పడుకునేవాడు. మొండి పిల్లాడని తిట్టేది. ఆ మొండితనంతోనే బతికాడు వాడు.

ఇంట్లో రసూల్ బీ తడుముకుంటూ సూది ఎక్కిస్తోంది. ఒడిలో కొత్త రజాయి. "మదీనా కొడుకును కంటె దీంట్లనే చుట్టాలె" అంటోంది. మదీనా నవ్వింది. నవ్వుతుంటే ఆమె పక్కపన్ను ఒకటి మొనదేలి మెరిసింది. సింగారం పన్ను అని ముద్దుచేసేవాళ్ళు దాన్ని. హుస్సేన్ బీ ఆ పన్ను వైపు చూసి, చూపు తిప్పుకోలేకపోయింది.

*

మూడో రోజు పొద్దున ఆడవాళ్ళు పనిలోకి దిగేముందు చెరువులో మొఖాలు కడుక్కుంటున్నారు. నిన్నటి దుమ్ము పోలేదని హుస్సేన్ బీ వీపు మీద నీళ్ళు పోసుకోబోతే పక్కింటి మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుంది. మాణిక్యమ్మది ఎకరంన్నర రైతు కుటుంబం. రైతులైనా వెట్టి తప్పలేదు.

"ఆగాగు. ఇదేంది బూబమ్మా, నీ వీపు మీద పులిచారలు?"

"ఏం చారలే?"

"దుమ్ము చారలు చారలుగ అంటింది. ఒక పట్టె నల్లగ, ఒక పట్టె కడిగినట్టు తెల్లగ. సగం వీపుకే చెమటొచ్చినట్టుంది."

హుస్సేన్ బీ నాలుకతో కింది చిగుళ్ళు తడిమి చూసుకుంది. తనకూ కింది పండ్లు రెండు ఎన్నడూ మొలవలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి ముందు గడ్డపార జారి ఒకడి పాదం తెగింది. దవాఖాన నుంచి కంపౌండర్ అజీముద్దీన్ సంచీ పట్టుకుని వచ్చాడు. కట్టు కట్టడం అయ్యేదాకా ఆగి, హుస్సేన్ బీ నీళ్ళిచ్చే నెపంతో పక్కన కూర్చుంది.

"సాబ్, చెమట రాని మనిషి ఉంటడా?"

అజీముద్దీన్ తల ఎత్తి, తట్ట మోస్తున్న సత్తార్‌ను చూశాడు. దగ్గరికి పిలిచాడు. నోరు తెరిపించాడు, మోచేతి మీద వేలితో రాశాడు.

"పట్నంల పెద్ద డాక్టర్ సాబ్ దగ్గర పనిజేసినప్పుడు ఒకణ్ణి చూసిన. అచ్చం గిట్లనే. నీ తమ్ముళ్ళల్ల గాని, మేనమామలల్ల గాని ఎవరన్న..."

"తమ్ముడు. గిదే ఎండకు పోయిండు. నా పెద్ద కొడుకు..."

"ఇది జిన్ను గాదు, గాలి గాదు, ఎవరి పాపం గాదు. పండ్లు, వెంట్రుకలు, చెమట గుంటలు, మూడూ తోలులకెంచే మొలుస్తయి, తల్లి కడుపుల ఉన్నప్పుడే. ఆ మొలక విత్తుల్నే లోపముంటె మూడూ దెబ్బతింటయి. లోపం తల్లి దిక్కు నుంచొస్తది. తల్లికి మంచి విత్తు ఇంకొకటి తోడుంటది గనక సగమే తగులుతది. కొడుక్కు ఆ తోడు ఉండదు, నిండుగ తగులుతది. అందరు కొడుకులకు గాదు. ఇద్దర్ల ఒకనికి."

"అంటే నేనే ఇచ్చిన్నా వీనికి?"

"నీకు మీ అమ్మ ఇచ్చింది. ఆమెకు ఎవరో ఇచ్చిన్రు. తెలిసి ఇచ్చిన్రా? ఇచ్చినోళ్ళ తప్పు గాదు."

"మరి తప్పెవరిది సాబ్?"

అజీముద్దీన్ గొడుగు కింద కూర్చున్న శ్రీపాల్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "నన్నడగకు. సర్కారు కొలువు నాది."

"మందు?"

"లేదు. నీడ, నీళ్ళు, తడిబట్ట. గదే మందు. జరమొస్తె అస్సలు కప్పొద్దు."

"నా బిడ్డ నిండు చూలాలు. ఆమె పన్నొకటి..."

అజీముద్దీన్ సంచీ మూతి కడుతూ అవునన్నట్టు తలూపాడు.

సరిగ్గా అప్పుడే శ్రీపాల్ కట్ట మీది దుమ్ములో నీటి చుక్కల వరస చూశాడు. చుక్కలు సత్తార్ అంగీ కొస నుంచి పడుతున్నాయి. వచ్చి అంగీ పట్టి పిండాడు. నీళ్ళు ధారగా కారాయి.

"చెరువు నీళ్ళు తెచ్చి చెమటని నాకే సూపిస్తవా? దొర మన్నునే మోసం జేస్తవా?"

అంగీ గుంజి కింద పారేశాడు. గడ్డిలో కుండ వెతికి తన్నాడు, పగిలింది. సత్తార్‌ను కట్ట పైకి తోలాడు. దిగొద్దు, నీళ్ళ దిక్కు పోవద్దు, పై మన్ను సదును చెయ్యాలి. హుస్సేన్ బీని ఇంకో కొసకు పంపాడు.

"ఒట్టి ఒంటి మీద నిజం చెమట కనవడేదాక వాణ్ణి దించ" అన్నాడు. అజీముద్దీన్ విన్నాడు. సంచీ భుజాన వేసుకుని పక్కకు పోయి తూము నీడకు నిలబడ్డాడు.

అక్కడి నుంచి కొడుకు చీమలా కనిపిస్తున్నాడు ఆమెకు. ఆకాశానికి ఆనుకుని, నల్లగా, పార ఎత్తుతూ దించుతూ. ఆమె మన్ను మోస్తోంది గానీ చూపంతా ఆ పార మీదే. ఎత్తాడు. దించాడు. ఎత్తాడు. గాలి లేదు. ఎండ చప్పుడు చేస్తున్నట్టే ఉంది, చెవుల్లో సన్నగా. ఎత్తాడు. ఈసారి దించడానికి ఆలస్యమైంది. వాడు పార వదిలేసి పట్నం దారి వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అక్కడ ఎవరూ లేరు. చెయ్యి ఊపుతూ నవ్వుతున్నాడు. రెండడుగులు ఉరికాడు, కచ్చురం ముందు ఉరికేవాడిలా.

"యా అల్లా!" తట్ట పడేసి పరుగెత్తింది. సగం దూరంలో ఉండగానే ఆకాశానికి ఆనిన ఆ నలుపు మాయమైంది. పడిపోయాడు.

ఒళ్ళు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మూడు పండ్లు గట్టిగా కరుచుకుని ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కింద తుర్కయాంజాల్ దారిలో ముట్టుకున్న ఒళ్ళే ఇది. ఆమె చేతులు మరిచిపోలేదు.

"నీళ్ళు!" అని అరిచింది. కుండ లేదు. శ్రీపాల్ తన కుండకు అడ్డంగా నిలబడ్డాడు. "నాటకాలు. లేవమను వాణ్ణి."

ఆమె వాడితో వాదించలేదు. వాదించడానికి టైము లేదు. కొడుకు చంకల కింద చేతులు వేసి కట్ట మీది నుంచి కిందికి ఈడ్చింది. వాడి మడమలు మన్నులో రెండు చాళ్ళు గీశాయి. నీళ్ళు ఇంకా దూరం. తడి ఒండ్రు అందింది. దాని మీద పడుకోబెట్టి, రెండు చేతులా చల్లటి బురద తవ్వి వాడి ఛాతీకి, కడుపుకు, మెడకు, నెత్తికి మెత్తింది. మాణిక్యమ్మ తట్టతో దిగింది. ఆ వెనక ఇంకో ఆడది. ఆ వెనక ఇంకొకరు. కట్ట పైకి మోసిన తట్టలన్నీ ఇప్పుడు కిందికి వచ్చాయి. బురద మెత్తితే చూస్తుండగానే ఆరి తెల్లబడుతోంది, వాడి వేడికి. మళ్ళీ మెత్తారు. మళ్ళీ ఆరింది. కొంగులతో విసిరారు. అజీముద్దీన్ చెప్పులు వదిలేసి ఉరికొచ్చాడు. జ్వరం గొట్టం చంకలో పెట్టి చూసి, ముఖం పాలిపోయి, "నూట ఏడు. ఆపొద్దు, ఆపొద్దు, పొయ్యుర్రి" అన్నాడు. తన రుమాలు చెరువులో ముంచి తనే పిండాడు.

ఎంతసేపో తెలీదు. ఆమెకు ఒక్కటే తెలుసు. రజాయి అంచులు ఒత్తిపట్టుకున్న చేతులు ఇవే. ఇప్పుడు ఇవే బురద మెత్తుతున్నాయి. అప్పుడు కాళ్ళు కొట్టుకోవడం ఆగిపోయింది. ఇప్పుడు కదలాలి, కదలాలి.

కాలి బొటనవేలు కదిలింది.

మరి కాసేపటికి సత్తార్ కళ్ళు తిప్పి చుట్టూ చూశాడు. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. "అమ్మా... నిజంగనే బర్రెను జేసిన్రా నన్ను?"

మాణిక్యమ్మ నవ్వబోయి భోరుమంది.

శ్రీపాల్ కట్ట మీదే నిలబడి ఉన్నాడు. "బతికిండు గద. సరే, ఇయ్యాల్టికి పండనియ్యుర్రి. రేపు పొద్దుగాల రావాలె. రాకుంటె ఇంటి తలుపులు పీకిస్త."

అప్పుడు మాణిక్యమ్మ ముక్కు చీది లేచింది. "శ్రీపాల్ పటేలా, పొద్దంత గొడుగు కింద కూసుంటివి. నీ వీపుకు గుప్పెడు మన్ను కొట్టి సూద్దామా, అంటుతదో రాలుతదో?"

నూరు మంది విన్నారు. ఒకడు నవ్వాడు, పదిమంది నవ్వారు. శ్రీపాల్ ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు అందరూ చూశారు. తట్ట బోర్లించి దాని మీద కూర్చున్న మొదటి మనిషి మాణిక్యమ్మ. తర్వాత పాదానికి కట్టు కట్టుకున్నవాడు. తర్వాత చెప్పనవసరం లేదు. శ్రీపాల్ గడి వైపు ఉరికాడు. గడి నుంచి కర్రలొస్తాయని కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. భయం ఎవరికీ పోలేదు. హుస్సేన్ బీకి అసలే పోలేదు. అయినా కొడుకు తల ఒడిలో పెట్టుకుని, బురద చేతులతో కంపౌండర్ వైపు తిరిగింది.

"రాయి సాబ్."

"ఏమని?"

"వీనికి చెమట గుంటలు లేవని రాయి. ఎండల నిలవెడితె సస్తడని రాయి. నీ దస్కతు పెట్టు. సర్కారు కొలువైతె సర్కారు కాగితం మీదనే రాయి."

అజీముద్దీన్ గడి దిక్కు ఒకసారి చూశాడు. అయినా సంచీలోంచి కాగితం తీశాడు.

"మా అత్త రజాయి కుడుతున్నది. పోంగనే సూది గుంజుకుంట. పిల్లగాడు పుడితె వీపు తడిమి సూస్త, నోట్లె ఏలు పెట్టి సూస్త. పండ్లు లేటైనయా, ఎండాకాలం జరమొచ్చిందా, తడిబట్ట. కప్పుడు లేదు. ఇది మా ఒక్క ఇంటికే చెప్పి ఊకోవద్దు సాబ్. ఈడికెంచి మంచాల ఊరి దాక మంత్రసానులందరికీ చెప్పు. నా అసొంటి తల్లి ఇంకెంతమంది రజాయి ఒత్తిపట్టుకోని కూసుందో."

ఇక మీకు చెప్పేది ఇది. దొరా, జమేదారూ, కాగితాల మీద వెట్టిని బందు పెట్టి కళ్ళు మూసుకున్న పెద్దలారా. మనుషులందరి ఒళ్ళూ ఒక్క తీరుగా ఉండదు. మీ మన్నుకు అది తెలియదు, మీకూ తెలియదు, తెలుసుకోవాలని మీకు ఏనాడూ లేదు. వీపు మీద మన్ను చరిచే ఆ చెయ్యి కిందికి దించండి. కట్ట మీద పందిరి వెయ్యండి, కుండలు పెట్టండి. వెట్టి ఆపండి. సత్తార్ పేరు కొట్టెయ్యండి, కట్ట మీద కూర్చున్న ఆ నూరు మంది పేర్లూ కొట్టెయ్యండి. మిరుగు వచ్చాక కాదు. రేపు కాదు. ఎండ ఇంకా నడినెత్తినే ఉంది, సత్తార్ మీద బురద మళ్ళీ ఆరుతోంది. ఇప్పుడే.